ఎంగిలి సీసాలు

"అడిగిన దానికి జవాబు చెప్పవా అవ్వా?"

ప్రమీల చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆ బియ్యంలో రాళ్ళు లేవని ఆమెకీ తెలుసు, ఎదురుగా కూర్చున్న కూతురు సంధ్యకీ తెలుసు. నిన్న సాయంత్రం ఈ ప్రశ్న ఇంట్లో పడ్డప్పటి నుంచి ఆమె చేతులు ఒక్క క్షణం ఖాళీగా లేవు. నిన్న పెట్టెలోని చీరలన్నీ విప్పి మళ్ళీ మడతలు పెట్టింది. పొద్దున పొయ్యి వెనక గోడ కడిగింది. ఇప్పుడు బియ్యం పట్టుకుంది. ఇంట్లో పని దొరక్కపోతే పక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకునేలా ఉంది. కరోనా కాలం గనక ఆ దారి కూడా లేదు.

సంధ్య ల్యాప్‌టాప్ తెచ్చి చాట పక్కన పెట్టింది. తెర మీద ఒక సమ్మతి కాగితం. పైన అచ్చు అక్షరాలు, కింద పేరు, పేరు పక్కన నీలం రంగు వేలిముద్ర.

"ఇది వెంకటవ్వది. వెంకటవ్వ నీకు ఉమ్మి ఇచ్చిందా, ఇయ్యలేదా? అవ్ అను, లేదు అను. రెండిట్ల ఒకటి అను."

"ఇచ్చిందని రాసున్నది గద."

"రాసింది నువ్వు."

ప్రమీల చాటని ఒకసారి కుదిపింది. బియ్యం ఒక పక్కకి జరిగింది.

"మొన్న నీ కంప్యూటర్ చెప్పింది గద. మల్ల నన్నెందుకు అడుగుతున్నవు?"

"నీ నోటితోని వినాలె."

అవును, కంప్యూటర్ చెప్పేసింది. దానికి మొహమాటం లేదు కదా. హైదరాబాద్‌లో నాలుగేళ్ళుగా, కరోనా వచ్చాక సూరత్‌లోని ఈ ఇంటి నుంచి, సంధ్య చేస్తున్న చదువే అది. మనుషుల జన్యువులని కంప్యూటర్‌తో చదివి, తరతరాలుగా తమలో తాము ఇచ్చిపుచ్చుకునే కులాల్లో జబ్బులు ఎట్లా దిగుతాయో లెక్క తేల్చడం. దానికోసం సూరత్‌లో స్థిరపడ్డ తెలంగాణ నేతపని వాళ్ళలో రెండు వందల మంది ఉమ్మి కావాలి. పోయినేడు శ్రావణంలో నూలు పున్నమి పండగ నాడు లింబాయత్ పేటలోని మార్కండేయ గుడి హాలులో నూట ముప్పై మంది దగ్గర తనే తీసుకుంది. సెలవు అయిపోయింది. మిగిలిన డెబ్భై సీసాలూ కాగితాలూ తల్లి చేతిలో పెట్టి, ఎట్లా తీయాలో రెండుసార్లు చెప్పి, రైలెక్కింది. ప్రమీల నెల తిరక్కుండా డెబ్భై నింపి పంపింది.

ఆ డెబ్భైలో ముప్పై ఎనిమిది ఒకే మనిషివి. ఆ ఒక్క మనిషీ సంధ్యని కన్న తల్లి.

"చెప్పవ్వా."

ప్రమీల చాట కింద పెట్టింది.

"ఎవలు మొకం మీద తలుపు వెయ్యలే బిడ్డా. అట్ల అనుకోకు. అందరు కూసోబెట్టిండ్రు, చాయ్ పోసిండ్రు. ఉమ్మి మాత్రం ఇయ్యలే. ముప్పై రెండు మంది నా మొకం చూసి ఇచ్చిండ్రు. తక్కినోళ్ళు ఎంగిలి ఇల్లు దాటద్దు అన్నరు. ఎవల చేతికి పోతదో, దాని మీద ఎవలు ఏం చేపిస్తరో, పిల్లలు గలోళ్ళం, మాకు వద్దమ్మా అన్నరు."

"వెంకటవ్వ?"

"ఇప్పుడెందుకు."

"చెప్పు."

"ఇరవై ఏడేండ్లొచ్చినా పెండ్లి చేసుకోక, ఇండ్లిండ్లకు ఎంగిలి అడుక్కోను తల్లిని తోలుతదా నీ బిడ్డ అన్నది. నలుగురి ముంగట అన్నది. నేను సీసా సంచిల పెట్టుకొని వచ్చిన."

సంధ్య అనకూడని మాటే అంది.

"నాకు ఫోన్ చేసి చెప్తే అయిపోతుండె గద. ఇంత దొంగతనం ఎందుకు?"

దొంగతనం అన్న మాట దగ్గర ప్రమీల తల ఎత్తింది.

"ఏమని చెయ్యాలె? నీ మాట ఎవలు ఇంటలేరు అని నా నోటితోని నేనే చెప్పాలెనా? నువ్వు దినాం ఫోన్ చేసి, ఎన్ని అయినయ్ అవ్వా, ఎన్ని అయినయ్ అంటివి. నలభై అయినయ్ అంటే ఫోన్ల ఎంత సంబరపడ్డవు? నలభై నాడు నా దగ్గర ఉన్నయి ముప్పై రెండే. ఆ ఎనిమిది నోట్లెకెల్లి వచ్చినయ్, ఏం చెయ్యాలె."

అని ఊరుకుంటే ఎలాగోలా ఉండేది. ఆమె మొదలుపెట్టాక ఆపలేదు. తొమ్మిది రోజులు పట్టిందట. రోజుకి నాలుగు సీసాలు, ఆఖరి రోజు ఆరు. అంతకంటే నోట్లో ఉమ్మి ఊరలేదట. చింతపండు ఉండ చేసి ఎదురుగా పళ్ళెంలో పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చునేదట.

"నోట్లె ఏసుకోలే. నువ్వు చెప్పినవు గద, అరగంట ముందునుంచి ఏం తినద్దు, తాగద్దు అని. నీళ్ళు గూడ ముట్టలే. గడియారం చూసుకుంట కూసున్న. అండ్ల నేను మోసం చెయ్యలే."

 ముప్పై ఎనిమిది మంది పేరు మీద అబద్ధం ఆడిన మనిషి, అరగంట నియమం మాత్రం తప్పలేదు.

"వేరేటోళ్ళ పేరు మీద నీ ఉమ్మి ఎట్ల పెట్టినవు అవ్వా? తప్పనిపించలేదా?"

"ఎందుకనిపిస్తది? నువ్వే గద గుడిల మైకు పట్టుకొని చెప్పినవు. మనం మార్కండేయుని పిల్లలం, లోపట లోపటనే ఇచ్చుకున్నం, పుచ్చుకున్నం, మనందరి లోపట రాసున్నది ఒక్కటే అంటివి. అందరు చప్పట్లు కొట్టిరి. ఒక్కటే అయినప్పుడు వెంకటవ్వదైతే ఏంది, నాదైతే ఏంది అనుకున్న. పెసర్లల్ల పిడికెడు ఎక్కడ తీస్తే ఏంది, అన్ని పెసర్లే గద."

సంధ్యకి తల కొట్టేసినట్టయింది. ఆ మాట తను అన్నదే. జనానికి అర్థం కావాలని, వాళ్ళు ముందుకు రావాలని, సగం నిజాన్ని తీపి చేసి చెప్పింది. తన చదువు మొత్తం నడిచేది ఒకరికీ ఇంకొకరికీ ఉన్న తేడా మీదే. ఆ సంగతి మైకులో చెప్పలేదు. చెబితే చప్పట్లు రావు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. తండ్రి అంబదాస్ లోపలికి వచ్చి, ముక్కు మీది గుడ్డ తీసి మేకుకి తగిలించి, చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. మరమగ్గాల కార్ఖానాలో సగం సాంచలే నడుస్తున్నాయి. ఊళ్ళకి పోయిన కార్మికులు ఆగస్టు అయిపోవచ్చినా సగం మంది తిరిగి రాలేదు. సేఠ్ ఆయన్ని రోజు విడిచి రోజు మధ్యాహ్నానికే పంపేస్తున్నాడు.

ఇద్దరి మొహాలూ చూశాడు. అడగకుండానే అర్థమైంది.

"ఒప్పుకున్నదా?"

"ఒప్పుకున్నది."

అంబదాస్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని పేర్లు ఒక్కొక్కటే చదివాడు. ఒక చోట ఆగాడు.

"లక్ష్మీరాజం మామ పేరు గూడ పెట్టినవా?"

"ఆయన ఇస్త అన్నడు. తెల్లారి పోయేసరికి కొడుకు వద్దన్నడు."

"ఆయన ఆడమనిషి అని వచ్చింది బాపు కంప్యూటర్ల," అంది సంధ్య.

అంబదాస్ మూతి వంకర తిరిగింది. డెబ్భై ఏళ్ళ లక్ష్మీరాజం మీసాలు కళ్ళముందు కదిలాయి కాబోలు, నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఆ దగ్గుకి ప్రమీల భయంగా చూసింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరు దగ్గినా అందరూ అట్లాగే చూసేవాళ్ళు.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"ఈ వేలిముద్రలు ఎవలియి?"

ప్రమీల జవాబు బియ్యానికి చెప్పింది.

"నాయే. చేతులయి పది అయినంక కాళ్ళయి పెట్టిన. అవి గూడ అయిపోయినంక మల్ల మొదటికెల్లి పెట్టిన."

 అంబదాస్ భార్య కాళ్ళ వంక చూశాడు. ప్రమీల చీర కుచ్చెళ్ళు లాక్కుని పాదాలు లోపలికి ముడుచుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన ముందు ఆమె అట్లా ముడుచుకోవడం సంధ్య ఎప్పుడూ చూడలేదు. చూసినందుకు తనకే సిగ్గేసింది.

"సంఘంల తెలిస్తే నేను గుడి మెట్లు ఎక్కుతనా?" అన్నాడు అంబదాస్ మెల్లిగా. "వాళ్ళు వద్దన్నరు. వద్దన్నోళ్ళ పేర్లు రాసి, వేలిముద్రలు పెట్టి పంపినం. దీన్ని ఏమంటరో తెలుసా ప్రమీలా?"

"తెల్వదు. నువ్వే చెప్పు."

ఆయన కూతురి వైపు తిరిగాడు.

"బిడ్డా, గా ముప్పై ఎనిమిది పక్కకు పడేసి, ఉన్నయాటితోని నీ పని చేసుకోరాదు? ఎవలు అడుగుతరు?"

"పడేయచ్చు బాపు."

"మరింకేంది? పడేయి. ఇంట్ల మాట ఇంట్లనే ఉండనీ. ఎవలకేం నష్టం?"

సంధ్య తల ఊపింది. ఎవలకేం నష్టం అన్న మాటకి జవాబు ఆమెకి తెలుసు.

ఇక్కడ ఆ పిల్ల తల్లిదండ్రులకి చెప్పని సంగతి ఒకటుంది. చెబితే వాళ్ళ ముందు తల ఎత్తుకోలేదు గనక దాచింది. మనకి దాపరికం ఎందుకు?

హైదరాబాద్ ల్యాబ్‌లో ఓంప్రకాష్ అని ఒక టెక్నీషియన్ ఉండేవాడు. జగిత్యాల వైపు వాడు, కాంట్రాక్టు ఉద్యోగం, ఇద్దరు చిన్న పిల్లలు. సంధ్య సూరత్‌లో కంప్యూటర్ డిగ్రీ చదివి ఈ చదువులోకి వచ్చిన పిల్ల. ప్రోగ్రాములు రాయడం వచ్చు గానీ, ల్యాబ్‌లో గొట్టం పట్టుకోవడం రాదు. తోటి వాళ్ళు చాటుగా నవ్వుతుంటే, "ఇటు రా చెల్లె, నేను నేర్పిస్త" అని పక్కన నిలబెట్టుకుని నేర్పినవాడు ఓంప్రకాష్. నేర్చుకోవడానికి సొంత ఉమ్మినే వాడుకొమ్మన్నాడు. అసలు నమూనాలు యంత్రానికి పంపే రోజున పళ్ళెంలో ఒక గడి మిగిలితే, "ఖాళీగ పోవుడెందుకు" అని ఆమెదే అందులో పెట్టాడు.

ఇరవై రోజుల కిందట ఫలితాలు వచ్చాయి. ముప్పై ఎనిమిది ఒకే మనిషివని కనబడగానే సంధ్య ఇంకేమీ ఆలోచించలేదు. ఓంప్రకాషే ఒక సీసాలోది అన్నిట్లో పోసుంటాడు అనుకుంది. పరిశోధకుల ఇంటివాళ్ళ నమూనాలు తీసుకోకూడదని నియమం గనక తల్లి పేరు ఆ జాబితాలోనే లేదు, అనుమానం అటు పోలేదు. పది నిమిషాల్లో గైడ్ అనూరాధ మేడమ్‌కి మెయిల్ కొట్టింది. నాలుగేళ్ళ కష్టం ఒకరి అజాగ్రత్త వల్ల బూడిదైందని రాసింది. పైవాళ్ళకి కూడా నకలు పంపింది. మనుషుల్ని తగ్గించాలని చూస్తున్న ఆఫీసుకి సాకు దొరికింది. వారం తిరక్కుండా ఓంప్రకాష్‌ని రావద్దన్నారు.

మొన్న, ఆ మిగిలిన గడిలో ఉన్న తన జన్యువులని ఎందుకో లెక్కలో కలిపి చూసింది. ముప్పై ఎనిమిది వరుసల్లోనూ ఒకటే మాట వచ్చింది. తల్లి, బిడ్డ. ఓంప్రకాష్ ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే ఈ నిజం ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు.

నాలుగు గంటలకి మేడమ్ ఆన్‌లైన్‌లోకి వచ్చింది. ఉన్నది ఒకటే గది. సంధ్య అడ్డంగా చీర కట్టి, దాని వెనక కూర్చుంది.

"సంధ్యా, వినబడుతోందా? ఇంట్లో అందరూ బాగున్నారా?"

"బాగున్నారు మేడమ్."

"సరే. నివేదిక తయారు చేశాను. ల్యాబ్‌లో జరిగిన పొరపాటు వల్ల ముప్పై ఎనిమిది నమూనాలు పనికిరాకుండా పోయాయి, బాధ్యుడైన ఉద్యోగిని తొలగించాం, అని రాశాను. నీకు ఒక ఏడాది గడువు పెంచమని అడుగుతున్నాను. ఇది వెళ్తే ఇస్తారు. నీ సంతకం కూడా కావాలి. ఆరు లోపల పంపెయ్."

"మేడమ్..."

"చెప్పు. కొత్తగా ఏమైనా తేలిందా?"

అంతకంటే సూటిగా ఎవరు అడుగుతారు? తలుపు బార్లా తీసి, రా అన్నట్టే అడిగింది. సంధ్యకి కాళ్ళ వేలిముద్రలు కళ్ళముందు కనబడ్డాయి. నిజం చెబితే ఈసారి తొలగించమని వచ్చే కాగితం మీద తన పేరే ఉంటుందని తెలుసు. నాలుగేళ్ళు గుర్తొచ్చాయి. గుడి మెట్లు ఎక్కుతనా అన్న తండ్రి గుర్తొచ్చాడు. ఓంప్రకాష్ వీళ్ళందరి తర్వాత గుర్తొచ్చాడు.

"లేదు మేడమ్. ఏం తేలలేదు."

"సరే మరి. పాపం, అతను మంచివాడే. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. కానీ ఏం చేస్తాం."

తెర నల్లబడింది. అడ్డం కట్టిన చీర పక్కకి జరిగింది. అంబదాస్ పడుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు. ప్రమీల నిలబడి ఉంది.

"ఎవల్ని తీసేసిండ్రు?"

"నీకెందుకు అవ్వా."

"తొలగించినం అన్నది ఆ అమ్మ. నాకు ఆమె తెలుగు సమజైతది. ఎవల్ని?"

దాచడానికి ఓపిక లేదు. సంధ్య మొత్తం చెప్పింది. మెయిల్ సంగతి చెప్పేటప్పుడు మాత్రం తల్లి మొహం చూడకుండా చెప్పింది. ప్రమీల అంతా విన్నాక కింద కూర్చుంది.

"పిల్లలు ఎంత ఉంటరు?"

"చిన్న పిల్ల మూడేండ్లది. పిలగాడు బడికి పోతడు."

"ఇప్పుడు ఏం పని చేస్తుండు?"

"తెల్వదు."

"అడగలేదా?"

"ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

ప్రమీల చాటని గోడవారగా జరిపింది.

"పొద్దట్నుంచి నన్ను దొంగను చేసి కూసోబెట్టినవు. చేసినందుకు కూసున్న. నాకు నా తప్పు ఎంతదో ఇయ్యాల తెలిసింది. నీకు మొన్ననే తెలుసు గద సంధ్యా. మొన్న తెలిసినదానివి ఇప్పుడు ఏం తేలలేదు అంటివి."

"నీ కోసమే అన్న."

"నా కోసం ఎవల పొట్ట కొట్టమని నేను చెప్పలే."

గోడ వైపు తిరిగిన అంబదాస్ కదల్లేదు. నిద్రపోలేదని ఆయన భుజం చెబుతూనే ఉంది.

"ఫోన్ కలుపు," అంది ప్రమీల.

"ఎవలకు?"

"గా పిలగానికే. నేను మాట్లాడత. సీసాలు నింపింది నేను, నేనే చెప్త."

సంధ్య వద్దంది. తర్వాత చేద్దాం అంది. మేడమ్‌కే మెల్లిగా చెబుతా అంది. ప్రమీల చెయ్యి చాపి అట్లాగే ఉంచింది. ఆ చెయ్యి ముందు ఎంతసేపని నిలబడగలదు? నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్ ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది.

ఒక్క రింగుకే ఎత్తాడు.

"చెల్లె! మంచిగున్నవా? సూరత్‌ల బీమారి మస్తుగున్నదంట గద. అమ్మ, బాపు మంచిగున్నరా?"

ప్రమీల నోరు తెరిచే లోపు అతనే అందుకున్నాడు.

"నేనే చేద్దామనుకున్న చెల్లె. మొకం చెల్లక చెయ్యలే. ఇరవై దినాల సంది గదే ఆలోచన. ఏ వరుసల తప్పు పోయిన్నో యాది చేసుకుంటున్న. అప్పుడు మా చిన్నదానికి జ్వరముండె. రెండు మూడు దినాలు నాకు నిద్ర లేదు. గా దినాలల్లనే అయ్యుంటది. చేతులు తప్పు చేసినా మనిషికి తెలుస్తదంటవా? నాకైతే తెలుస్తలేదు. గాని కంప్యూటర్ అబద్ధం చెప్పదు గద."

సంధ్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీ నాలుగేండ్ల కష్టం మట్టి పాలు చేసిన. నన్ను తీసేసిండ్రని నాకు బాధ లేదు. మేడమ్‌కు మాఫీ కాగితం రాసిన, తప్పు నాదే అని. ఇంగ్లీషుల రాసిన, తప్పులుంటయి. జర చూసి దిద్ది పెడతవా చెల్లె? ఫోటో తీసి పంపుత."

ఫోన్ చిన్నగా మోగింది. తెర మీద కాగితం ఫోటో వచ్చింది. పిల్లల నోటుబుక్కులోంచి చింపిన గీతల కాగితం, గుండ్రటి అక్షరాలు, కింద పొందికగా చేసిన సంతకం.

ప్రమీల ఫోన్ మీదికి వంగింది.

"నాయినా, నేను సంధ్యోళ్ళ అవ్వను మాట్లాడుతున్న. ఆ సీసాలల్ల తప్పు నీది గాదు బిడ్డా. అవి..."

ఫోన్ ఆగిపోయింది.

ఎర్ర గుర్తు మీద సంధ్య వేలు ఇంకా అట్లాగే ఉంది. ఎప్పుడు చాపిందో, ఎప్పుడు నొక్కిందో ఆమెకే తెలియదు. అంబదాస్ లేచి కూర్చున్నాడు. గోడ మీద గడియారం ఐదున్నర చూపిస్తోంది.

ఫోన్ మళ్ళీ మోగింది. లైను పోయిందనుకుని ఓంప్రకాషే చేస్తున్నాడు.

ప్రమీల ఈసారి చెయ్యి చాపలేదు. బిడ్డ మొహం వంక చూస్తూ కూర్చుంది.